మేక ముట్టని దడి

బూర్గంపాడు: మన వైపు ఏ ఊళ్ళోనైనా ఒక ఇంటి ముందు నిలబడి, మీ ఇంట్లో ఏమేం చెట్లున్నాయమ్మా అని అడిగి చూడండి. తులసి వుందంటారు, మందార వుందంటారు. కరివేపాకు, జామ, పందిరి మీద బీర తీగ, ఇవన్నీ వరసగా చెబుతారు. ఆ మాట చెబుతున్నామె వెనుక, దడి పొడుగునా మనిషెత్తు పెరిగి, నడి వేసవిలో సైతం పచ్చగా నిలబడి వున్న వాటి పేరు మాత్రం ఎత్తరు. అవేమిటని గుచ్చి అడిగితే, "అవా? అవి చెట్లేంటయ్యా, కంప" అని తీసిపారేస్తారు.

ఆ కంప గురించే ఈ నాలుగు మాటలు.

ఈ విలేఖరి ఇంటి చుట్టూ వున్న దడి మా నాయన వేసింది. తూర్పున వావిలి, దక్షిణాన అడవాముదం, పడమర దొడ్డి వైపు లొట్టపీసు, దాని మధ్యలో ఎవరూ నాటకుండానే వచ్చి కూర్చున్న తలంబ్రాల చెట్టు, మూలన తెల్లజిల్లేడు, బోరింగు దగ్గర అడ్డసరం, వాకిట్లో పచ్చగన్నేరు. మొత్తం ఏడు రకాలు. వీటికి ఏనాడూ ఎవరూ చెంబెడు నీళ్ళు పోసింది లేదు, గుప్పెడు ఎరువు వేసింది లేదు. ఏడాదికోసారి, అదీ వానలు పట్టేముందు, కత్తి తీసుకుని తలలు నరకడం తప్ప వేరే సేవ లేదు. పోయిన ఏడాది పత్తి డబ్బు చేతికి రాగానే, ఈ దడి తీసేసి సిమెంటు ఇటుకల గోడ పెట్టించాలని ఇంట్లో తీర్మానమైంది. ఆ గొడవలో పడిన తర్వాతనే, ముప్పై ఏళ్ళుగా కళ్ళెదురుగా వుండి కనిపించని వీటి సంగతి తెలుసుకోవలసి వచ్చింది.

మేక పెట్టే పరీక్ష

మన ఊళ్ళలో ఏ మొక్క బతకాలన్నా ముందు మేక దగ్గర పరీక్ష నెగ్గాలి. సంక్రాంతి దాటి చేలు ఖాళీ అయినాయంటే మేకలు, గొడ్లు ఊరి మీద పడతాయి. అప్పుడు వాటి నోటికి రుచించే ఆకు ఏదైనా సరే వారం రోజులు నిలవదు. కాబట్టి మే నెలలో, ఎండ 45 డిగ్రీలు దాటుతున్న రోజుల్లో, రోడ్డు పక్కన ఇంకా పచ్చగా కనబడేది ఏదైనా వుందీ అంటే అది మేక మెచ్చనిదే అయి వుండాలి. జిల్లేడుకు పాలు, వావిలికి వాసన, అడ్డసరానికి చేదు, తలంబ్రాల చెట్టుకు గరుకు ఆకు, పైగా విషం. ఎవరి కాపలా వాళ్ళే పెట్టుకున్నారు. అడ్డసరాన్ని తమిళులు ఆడాతోడై అంటారు, మేక ముట్టనిది అని దాని అర్థం చెబుతారు. శాస్త్రజ్ఞులు ఈ మొక్కకు పెట్టిన అధతోడ అనే పేరు అక్కడి నుంచి వచ్చిందే.

మనకు వీటి మీద ప్రేమ లేకపోవడానికీ, ఇవి బతికి వుండడానికీ కారణం ఒక్కటే అన్నమాట. రుచిగా వుంటే ఏనాడో పోయేవి.

ఎండను తట్టుకోవడంలో కూడా ఒక్కొక్క దానిదీ ఒక్కో తెలివి. జిల్లేడు ఆకు మీద తెల్లటి బూడిద వంటి నూగు వుంటుంది, గోరుతో గీస్తే రాలుతుంది. ఎండ నేరుగా ఆకును కాల్చకుండా అది అడ్డం. వేరు లోతుకు పోతుంది. తలంబ్రాల చెట్టు ఆకు మీద ముళ్ళ వంటి సన్నని నూగు. గన్నేరు ఆకు మీద మైనం పూసినట్టు నిగనిగ. అడవాముదం ఒక్కటే ఎండకు ఓడి ఆకు రాలుస్తుంది, తొలకరికి మళ్ళీ చిగురు వేస్తుంది. మిగిలినవి ఏడాది పొడుగునా పచ్చగానే వుంటాయి.

దడి అనేది మన మన్యం అంచు గ్రామాల్లో ఊరికే అందం కోసం పెట్టుకునేది కాదు. కోయవారి గూడేలకు వెళ్ళిన వారందరూ చూసే వుంటారు. ఇల్లు నడుమ, చుట్టూ విశాలమైన పెరడు, తొలి వానకే ఆ పెరట్లో మొక్కజొన్న. ఆ మొక్కజొన్నకు అడవి పంది, ఊరి గొడ్డు రెండూ శత్రువులే. వెదురు తడికె కడితే రెండు వానలకు చెద పడుతుంది. మళ్ళీ అడవికి పోవాలి, మళ్ళీ నరకాలి. నరికితే అటవీశాఖ వారితో పేచీ. అదే వావిలి కొమ్మో, అడవాముదం కొమ్మో మూరెడు ముక్క చేసి తొలకరిలో గుచ్చితే అదే వేరు పోసుకుంటుంది. పైసా ఖర్చు లేదు. చెద పట్టదు. పైన చెప్పిన తడికెకు దీన్ని ఆసరాగా పెట్టుకునేవారు కొందరు.

రాములవారి పేరు పెట్టుకున్న పరదేశి

దడిలో వున్న ఏడు రకాల్లో ఎక్కువ తిట్లు తినేది తలంబ్రాల చెట్టు. పులికంప అని కూడా అంటారు. పుస్తకాల్లో లంటానా. ఒకే గుత్తిలో నడుమ పసుపు, చుట్టూ ఎరుపో గులాబీ రంగో వున్న చిన్న చిన్న పూలు. పసుపు, కుంకుమ, గులాలు కలిపిన భద్రాద్రి తలంబ్రాలను చూసిన వారెవరికైనా ఆ గుత్తి చూడగానే అదే గుర్తుకు వస్తుంది. ఈ పేరు పెట్టిన మహానుభావుడెవరో గానీ బాగా పెట్టాడు.

ఆ రెండు రంగులకూ ఒక కారణం వుంది. పువ్వు విచ్చుకున్న రోజు పసుపు పచ్చగా వుంటుంది. సీతాకోకచిలుకో, తేనెటీగో వచ్చి పని ముగించుకుని పోయాక రంగు మారుతుంది. మళ్ళీ వచ్చే పురుగు పసుపు పూల మీదనే వాలుతుంది, ఎర్రవాటిని వదిలేస్తుంది. పొద్దున్న పూట ఒక పావుగంట దడి ముందు కూర్చుంటే ఎవరైనా చూడవచ్చు. ఖర్చు లేని సినిమా అది.

పేరు మనదైనా ఊరు మనది కాదు. దీని స్వస్థలం అమెరికా ఖండంలోని వేడి దేశాలు. పంతొమ్మిదో శతాబ్దం మొదట్లో ఇంగ్లీషువారు పూల అందం చూసి, దడికి బాగుంటుందని కలకత్తా తోటలోకి తెచ్చారు. అక్కడి నుంచి బంగళాల ప్రహరీలకు, బంగళాల నుంచి పిట్టల ద్వారా అడవికి చేరింది. పండితే నల్లగా మెరిసే కాయలు పిగిలిపిట్టలకు మహా ఇష్టం. తిని, ఎక్కడ వాలితే అక్కడ విత్తనం వేస్తాయి. 2020లో మన దేశపు పరిశోధకులు వేసిన లెక్క ప్రకారం, దేశంలో ఈ మొక్క ఆక్రమించిన అడవి సుమారు లక్షా యాభై వేల చదరపు కిలోమీటర్లు. తెలంగాణ రాష్ట్రం మొత్తం విస్తీర్ణం లక్షా పన్నెండు వేలు. పోల్చి చూసుకోండి.

అడవిలో దీనివల్ల జరిగే నష్టం మామూలుది కాదు. ఇది గుబురు కట్టిన చోట గడ్డి మొలవదు, తునికి, మద్ది, నారవేప పిల్లమొక్కలు పైకి రావు. గడ్డి లేకపోతే దుప్పి లేదు. దాని పొదల్లో అడవి పందులు ఈనుతాయి, ఎలుగుబంట్లు పగటి పూట పడుకుంటాయి. కాయలు కూడా తింటాయి. తునికాకు కోతకు వెళ్ళే ఆడవారికి ఈ పొదలంటే ప్రాణభయం. దీన్ని చంపడానికి 1941లో ఆస్ట్రేలియా నుంచి ఒక నల్లిజాతి పురుగును డెహ్రాడూన్ అటవీ పరిశోధన సంస్థకు తెప్పించారు. పరీక్షలో అది టేకు పూలను కూడా రుచి చూడడంతో భయపడి పురుగులన్నింటినీ నాశనం చేయదలచారు. కొన్ని తప్పించుకుని బయటపడ్డాయి. దేశమంతా పాకాయి కూడా. టేకుకు చెప్పుకోదగ్గ హాని జరగలేదు, లంటానాకూ జరగలేదు.

పీకడానికి సైతం ఒక పద్ధతి వుంది. పై నుంచి నరికితే ఒకటికి నాలుగు పిలకలు లేస్తాయి, నిప్పు పెడితే ఇంకా ఏపుగా వస్తుంది. ఢిల్లీ విశ్వవిద్యాలయపు ఆచార్యుడు సి. ఆర్. బాబు చెప్పిన విధానం తేలికైనది. భూమికి రెండు మూడు వేళ్ళ లోతున తల్లివేరును గొడ్డలితో తెంచి, మొక్కను ఎత్తి తలకిందులుగా పెట్టేయడమే. పిలకలు వేసే కణుపులు భూమికీ వేరుకీ కలిసే చోట వుంటాయి కనుక మళ్ళీ లేవదు. మన దొడ్డిలో నలుగురు కలిస్తే ఒక పూట పని. తర్వాత రెండు మూడేళ్ళు పిట్టలు వేసే కొత్త మొలకలను పీకుతూ వుండాలి. ఆ ఓపిక లేకనే అందరం ఓడిపోతున్నాం.

కర్ణాటకలో మలె మహదేశ్వర కొండల్లోని సోలిగ గిరిజనులు ఈ కంప పుల్లలను ఉడకబెట్టి, తొక్క తీసి కుర్చీలు, బల్లలు అల్లుతున్నారు. నీలగిరి అడవుల గిరిజనులు ఇదే పుల్లతో నిలువెత్తు ఏనుగు బొమ్మలు చేయగా, వాటిని ఓడలో తీసుకెళ్ళి 2021లో లండను పార్కుల్లో నిలబెట్టారు. వెదురు కోసం అడవి చుట్టూ తిరిగే మన మేదరులకు ఈ పని నేర్పితే ఎలా వుంటుందో పెద్దలు ఆలోచించాలి. పుల్లకు కొదవ లేదు.

తెల్ల దూడ

ఈ కంప మీద మా ఇంట్లో కోపం రావడానికి అసలు కారణం వేరే వుంది. మూడేళ్ళ క్రితం ఎండాకాలం సంతలో ఒక తెల్ల పెయ్యదూడను కొన్నాము. అది ఎక్కడో మైదాన ప్రాంతం నుంచి వచ్చింది. మన పశువులు తలంబ్రాల చెట్టును వాసన చూసి వదిలేస్తాయి. తల్లుల వెంట తిరిగి నేర్చుకున్న తెలివి అది. దానికి ఆ తెలివి లేదు. మేత కరువు. దొడ్డిలో పలుపు తాడు పొడుగు పెట్టి కట్టేసిన తప్పు నాది.

రెండో నాటికి మేత మానేసింది, పేడ వేయలేదు. మూడో నాటికి కళ్ళు పచ్చబడ్డాయి. ఆ తరువాత ముట్టె మీద, చెవుల మీద, తెల్ల చర్మం వున్న చోటల్లా ఎండకు కాలినట్టు పగిలి తొక్క లేచింది. మా అమ్మ గాలి సోకిందన్నది. పశువుల డాక్టరుగారు వచ్చి దడి వంక చూసి, అదే తిన్నదన్నారు. ఆ ఆకులోని విషం కాలేయాన్ని దెబ్బ తీస్తుందట. పచ్చి మేతలోని ఆకుపచ్చ రంగు విరిగినప్పుడు తయారయ్యే పదార్థాన్ని బయటికి పంపవలసిన కాలేయం ఆ పని చేయలేక రక్తంలో వదిలేస్తుంది. అది చర్మం కిందికి చేరాక ఎండ తగిలితే మండుతుంది. నల్ల చర్మానికి అంత బాధ వుండదు, తెల్ల చర్మానికి ఎక్కువ. వెంటనే చీకటి కొట్టంలో కట్టేయమన్నారు, పొట్టలోని విషాన్ని పీల్చడానికి బొగ్గుపొడి మందు పట్టించారు.

పదకొండు రోజులు దూడ కొట్టంలోనే వుంది. బతికింది గానీ ముట్టె మీద మచ్చ పోలేదు, ఎదుగుదల కూడా అంతంతే. కొత్తగా పశువును కొని తెచ్చినవారు, ముఖ్యంగా వేసవిలో, మొదటి నెల దాన్ని దడికి దూరంగా కట్టుకోవడం మంచిది.

లొట్టపీసుది ఇంకో రకం. అదీ పరదేశపుదే. లేత ఊదా పూలు బూరల్లా వుంటాయి, చెరువు గట్ల నిండా అదే. మేకలు మామూలుగా ముట్టవు. కానీ కరువులో ఒకసారి తినడం మరిగితే సారా మరిగినవాడి వలె దాని కోసమే పోతాయి. తల వణుకుతుంది, వెనుక కాళ్ళు తడబడతాయి, చివరకు లేవలేవు. మందు లేదు. మొదటి వణుకు కనబడగానే దాని జోలికి పోకుండా వేరే చోట మేపడమొక్కటే దారి. పనికిమాలినవాణ్ణి లొట్టపీసుగాడు అని మనవాళ్ళు ఊరికే తిట్టలేదు.

గన్నేరు కాయల వంట

పచ్చగన్నేరు సంగతి వేరు. అది మా నాయనమ్మ శివుడి కోసం నాటించింది. ఏడాది పొడుగునా పసుపు గంటల వంటి పూలు. పొద్దున్నే పూజకు పది పూలు ఆ చెట్టు ఇవ్వని రోజు లేదు. కంప కాని గౌరవం ఈ దడిలో దానికి కొంత వున్నది.

దాని ఆకు, పువ్వు, పాలు, కాయ, పప్పు అన్నీ విషమే, గుండె మీద పని చేసే విషం. ఈ సంగతి మన ఊళ్ళలో తెలియనివారు లేరు. తెలిసీ వాకిట్లో పెంచుకుంటున్నాము. పోయిన ఏడాది ఆషాఢంలో నాలుగేళ్ళ మా పాప, పక్కింటి పిల్లలు కలిసి కొబ్బరి చిప్పలో గన్నేరు కాయలు వేసి వంట ఆట ఆడుకుంటున్నారు. మా ఇంటావిడ చూసేసరికి ఒక కాయకు పంటి గాటు వుంది. ఎవరు కొరికారంటే నలుగురూ ఒకరినొకరు చూపించుకున్నారు.

ఆ సాయంత్రం రెండు మోటారు సైకిళ్ళ మీద నలుగురు పిల్లలను ఎక్కించుకుని సారపాక మీదుగా గోదావరి వంతెన దాటి భద్రాచలం ఆసుపత్రికి పోయిన ప్రయాణం ఈ విలేఖరి జన్మలో మరవడు. చింతపండు నీళ్ళు పట్టించండని ఒకరు, పేడ నీళ్ళు పోసి కక్కించండని ఒకరు దారిలో సలహాలు. అవేవీ చేయలేదు, చేయకూడదట కూడా. కాయ ముక్కను మాత్రం కాగితంలో చుట్టి వెంట తీసుకెళ్ళాము. ఏం తిన్నారో చూడగానే తెలిసి మేలయిందని డాక్టరు అన్నారు. ఈ విషంతో చిక్కేమిటంటే, మొదటి గంటల్లో మనిషి బాగానే కనిపించవచ్చు, గుండె లయ తరువాత తప్పవచ్చు. అందుకని రాత్రంతా గుండెకు తీగలు తగిలించి చూశారు. నలుగురికీ ఏమీ కాలేదు. కాయ చేదుకి ఉమ్మేసి వుంటారు.

మరునాడు తెల్లవారకముందే చెట్టు కొట్టేశాను. అమ్మ వారం రోజులు నాతో మాట్లాడలేదు. ఇన్నేళ్ళ నుంచి ఎంతమంది పిల్లలు ఆ చెట్టు కింద పెరగలేదు, నువ్వు పెరగలేదా అని ఆమె మాట. అది నిజమే. నేనూ ఆ కాయలతోనే ఆడుకున్నాను. దానికి నా దగ్గర జవాబు లేదు. మొదలు నుంచి మళ్ళీ రెండుసార్లు చిగురు వచ్చింది, రెండుసార్లూ నేనే తీశాను.

జిల్లేడు విషయంలో పిల్లలున్న ఇళ్ళవారు ఒకటి గుర్తుంచుకోవాలి. దాని పాలు కంట్లో పడితే వెంటనే నొప్పి పెద్దగా తెలియకపోవచ్చు, కానీ చూపు మసకబారుతుంది. నల్లగుడ్డు మీది పొర వాస్తుంది. శుభ్రమైన నీళ్ళతో చాలా సేపు కడిగి, నొప్పి లేదు కదా అని ఊరుకోకుండా కంటి డాక్టరు దగ్గరకు పోవాలి. హనుమంతుడికి జిల్లేడు పూల దండ గుచ్చే ఆడవారు కన్ను నలుపుకోకుండా ముందు చేతులు కడుక్కోవడం మంచిది.

శత్రువును శపించేటప్పుడు వాడి ఇంట జిల్లేళ్ళు మొలవాలంటారు. అదే జిల్లేడు ఆకులు ఏడు రథసప్తమి నాడు నెత్తిన పెట్టుకుని స్నానం చేస్తాము. తెల్లజిల్లేడు అయితే దాని వేరులో గణపతి వుంటాడని తవ్వుకుపోయేవారు కూడా వున్నారు. మా మూలనున్న చెట్టు కోసం ఇప్పటికి ముగ్గురు బేరానికి వచ్చారు. దాన్ని తిట్టే మా పక్కింటాయనే ఒకసారి వచ్చాడు.

చేనుకు కూడా

వీటి ఆకు పశువుకు పనికి రాకపోయినా చేనుకు పనికి వస్తుంది. యూరియా బస్తాలు రాకముందు నాట్లకు ముందు దమ్ము చేసిన మడిలో జిల్లేడు, వావిలి, కానుగ, తంగేడు రొట్ట తొక్కేవారు. ఇప్పుడు ప్రకృతి సేద్యం చేసేవారు దశపర్ణి కషాయం అంటూ మళ్ళీ వీటి దగ్గరకే వస్తున్నారు. ఏ ఆకులు కోయాలన్నదానికి వాళ్ళు చెప్పే గుర్తు కూడా మేక మేయనివి అనే. అట్లాగని దాన్ని సర్వరోగ నివారిణి అనుకోరాదు. 2021-22లో మన మిరప తోటలను నల్ల తామర పురుగు ఊడ్చేసినప్పుడు కషాయం కొట్టినవారూ నష్టపోయారు, ఖరీదైన మందు కొట్టినవారూ నష్టపోయారు. కషాయం కొట్టినవారికి అప్పు కాస్త తక్కువ మిగిలింది.

అడ్డసరం ఆకు కషాయం దగ్గుకు మనవాళ్ళు వాడుతున్నదే. ఆ ఆకులోని వాసిసిన్ అనే పదార్థాన్ని ఆధారం చేసుకునే బ్రోమ్‌హెక్సిన్ అనే దగ్గు మందు తయారైంది. దుకాణంలో కొనే దగ్గు సీసాల్లో చాలావాటి మీద ఆ పేరు కనిపిస్తుంది. అయితే గర్భిణీలు ఈ ఆకు జోలికి పోరాదు.

అడవాముదం కథ హాస్యంగా ముగిసింది. 2003లో ప్రణాళికా సంఘం వారు దీని గింజల నూనెతో బళ్ళు నడుస్తాయని చెప్పడంతో ఒక్కసారిగా దీనికి రాజయోగం పట్టింది. దడిలో ముట్టని మొక్కను ఎకరాలకెకరాలు నాటమన్నారు. నీరు పెట్టని బీడులో మొక్క బతికింది గానీ కాయ కాయలేదు. మళ్ళీ దడిలోకి వచ్చింది. దాని గింజలు కూడా పిల్లలకు వాంతులు, విరేచనాలు పట్టిస్తాయని మరువరాదు.

ఈ మధ్య వచ్చిన మరో పచ్చటి అతిథి కోనోకార్పస్. ఆకు రాలదు, నీరు లేకపోయినా ఏపుగా పెరుగుతుంది. రోడ్ల నడుమ, బడుల ముందు, కొత్త ఇళ్ళ గేట్ల పక్కన ఎక్కడ చూసినా అదే. దాని పుప్పొడితో ఉబ్బసం, తుమ్ములు వస్తున్నాయని, వేళ్ళు గొట్టాలను పగలగొడుతున్నాయని ఫిర్యాదులు రాగా గుజరాత్ ప్రభుత్వం 2023లో నాటడాన్ని నిషేధించింది, తమిళనాడు 2025లో అదే పని చేసింది. మన కంపలో ఇన్ని దోషాలున్నా, దుకాణంలో డబ్బు పెట్టి కొనలేదు కదా అని మా అమ్మ అంటుంది.

వరద, గోడ

గోడ విషయానికి వస్తే, మా ఇంటావిడ వాదనలో న్యాయం వుంది. దడి అడుగున చీకటి. చీకట్లో కట్లపాము, రక్తపింజరి. వానకాలం రాత్రి పెరట్లోకి పోవాలంటే టార్చి వుండి తీరాలి. ఊళ్ళో అందరూ గోడలు పెట్టుకుంటూ వుంటే మనమొక్కరం కంప మధ్య ఎందుకుండాలి అని ఆమె ప్రశ్న. అమ్మది వేరే మాట. 1986 ఆగస్టులో గోదావరి భద్రాచలం దగ్గర 75.6 అడుగులు వచ్చిన నాడు, నీరు తీశాక చూస్తే మట్టి గోడలు కరిగిపోయాయట. వావిలి, లొట్టపీసు మాత్రం ఒంటినిండా ఒండ్రు పూసుకుని నిలబడి వున్నాయట. ఎవరింటి హద్దు ఎక్కడో ఆ మోళ్ళను చూసే గుర్తు పట్టామని చెబుతుంది. అప్పటికి నేను పుట్టలేదు. కానీ 2022 జులై 16న 71.3 అడుగులు వచ్చినప్పుడు నేను కళ్ళారా చూశాను. మా వీధిలో పునాది తక్కువ వేసిన ఇటుక గోడలు రెండు పడిపోయాయి. మా దడి పై నుంచి కొట్టుకువచ్చిన చెత్తను, ఒక ప్లాస్టిక్ కుర్చీని, ఎవరిదో చేటను పట్టుకుని ఆపింది. చేట ఎవరిదో ఇప్పటికీ తెలియలేదు.

చివరకు మధ్యేమార్గం కుదిరింది. పడమటి వైపు లొట్టపీసు, తలంబ్రాల చెట్టు వేళ్ళతో సహా తీసేయాలి. దక్షిణం, తూర్పు గోడ కట్టాలి. అడ్డసరం, జిల్లేడు వుంచాలి. పడమర పీకడానికి నలుగురం రెండు రోజులు పట్టింది. ఒక రక్తపింజరి, మూడు ముంగిస పిల్లలు, పిగిలిపిట్ట గూడు ఒకటి బయటపడ్డాయి. ముంగిసలు వుండబట్టే పాము ఒక్కటే వుందని అమ్మ. ముంగిసలున్నా పాము వుంది చూశావా అని మా ఇంటావిడ. ఆ వారంలోనే పక్క వీధి మేకలు ఖాళీ అయిన పడమటి వైపు నుంచి జొరబడి కరివేపాకు మొక్కను మోడు చేసి, బెండ మొక్కలు నాలుగు సాళ్ళు నున్నగా తిని పోయాయి. ఇన్నేళ్ళలో మా పెరట్లో మేక అడుగుపెట్టడం అదే మొదలు.

తాపీమేస్త్రీ వచ్చి తూర్పు వైపు దారం కట్టి ముగ్గు పోశాడు. ముగ్గు గీత నేరుగా వావిలి మొదళ్ళ మీదుగా పోయింది. మరునాడు గొడ్డలి పట్టాలనుకుంటుండగా, కాన్పుకు వచ్చిన మా చెల్లెకు రాత్రి నొప్పులు వచ్చాయి. ఆడపిల్ల. నాలుగో నాడు ఆసుపత్రి నుంచి ఇంటికి తెచ్చారు. బాలింతకు వావిలాకు వేసి కాచిన నీళ్ళు పోయాలి. నలభై రోజులు పోయాలి. ఒంటి నొప్పులకు దాన్ని మించింది లేదని పెద్దల నమ్మకం. రోజూ తెల్లవారుజామున అమ్మ వెళ్ళి చిన్న గంపెడు ఆకు దూసుకు వచ్చేది. మూడు వారాల తర్వాత పక్క వీధిలో ఇంకో బాలింత ఇంటివారు, వాళ్ళ దడి తీసేసి గోడ పెట్టుకున్నవారే, మా ఇంటికి వచ్చి ఆకు అడిగి పట్టుకుపోయారు. వాళ్ళకు ఆకు దూసి ఇచ్చింది మా ఇంటావిడే.

మేస్త్రీ మళ్ళీ వచ్చేసరికి నలభై రోజులు దాటింది. దారం ఎక్కడ కట్టమంటారని అడిగాడు. మా ఇంటావిడ బయటికి వచ్చి, వావిలి వున్నంత మేర రెండడుగులు లోపలికి జరిపి కట్టమన్నది. స్థలం పోతుంది కదమ్మా అన్నాడతను. పోనీయమన్నది. అందుచేత మా తూర్పు గోడ ఆ చోట వంకర తిరిగి వుంటుంది, వావిలి గోడకు బయట, వీధి వైపు వున్నది. దారిన పోయేవారు ఎవరికి కావాలంటే వారు కోసుకుంటున్నారు. పడమటి వైపు ఇంకా ఖాళీయే. ఈ తొలకరికి అక్కడ ఏం గుచ్చాలన్నది ఇంట్లో ఇంకా తేలలేదు.